ముద్ర ఎవరిది, మొహం ఎవరిది?
విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్ల మీద ఒక దళిత విమర్శ

యాలాల్ మండలానికి ‘బ్రాండు’ అన్న మాట కొత్తది కాదు. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకున్నది యాలాల్ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ఊరి పేరు సరుకు మీద ముద్రగా మారడమంటే ఏమిటో ఇక్కడి జనం దగ్గర్నుంచి చూశారు. 1999 నాటి చట్టం ప్రకారం ఆ ముద్ర ఊరికే రాదు. ఏ నేల, ఏ పంట, ఆ నేలకూ ఆ పంట గుణానికీ సంబంధమేంది, హద్దు ఎక్కడిదాకా, పేరు వాడుకునే హక్కు ఎవరికి అన్నవి రుజువు చేసుకుంటేనే రిజిస్టరులోకి ఎక్కుతది. ఈ చట్టంతో కూడా మాకు పేచీ ఉంది. పేరు వాడుకునే హక్కు పండించేవాళ్లదీ అమ్మేవాళ్లదీ అయింది గానీ కందిచేలో కలుపు తీసి, కోసి, కొట్టే మాదిగ, మాల ఆడవాళ్లు ఆ రిజిస్టరులో ఎక్కడా లేరు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలె. ముద్ర వేసుకున్నోడు జవాబు చెప్పుకోవాలన్న నియమమైతే అందులో ఉంది.

కంది గింజకున్న ఈ పాటి నియమం విశ్వవిద్యాలయానికి ఉందా అన్నదే ఈ వ్యాసంలో మా ప్రశ్న. తాండూరులో, వికారాబాద్‌లో డిగ్రీ చదివే మన పిల్లలకు విశ్వవిద్యాలయం మొట్టమొదట కనబడేది రాతి కట్టడంగా కాదు, ఫోను తెర మీద ఒక పేజీగా. ఆ పేజీ మీద పైన ఎడమ మూలన చిహ్నం, దాని పక్కన పేరు, కింద రంగుల పట్టీ, ఒకదాని తర్వాత ఒకటి కదిలే బొమ్మలు. ఇవన్నీ ఎక్కడుండాలో, ఎంతుండాలో, ఏ రంగులో ఉండాలో చెప్పే నియమావళిని ఇయ్యాల ‘బ్రాండింగ్ ప్రమాణాలు’ అంటున్నారు. అది కంప్యూటరు పని వచ్చిన వాళ్ల యవ్వారమనీ, ఉద్యమాలకు అందులో పనేమీ లేదనీ మనవాళ్లు అనుకుంటున్నారు. మేము అట్లా అనుకోవడం లేదు. ఊరు కట్టినోడే వాడ ఎక్కడుండాలో చెప్పినట్టు, పేజీ కట్టినోడు కూడా ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది నిర్ణయిస్తున్నాడు.

ముందు ఆ నియమావళి ఏం చెప్తదో చూద్దాం. అమెరికా, ఇంగ్లండు విశ్వవిద్యాలయాలు దీని కోసం పుస్తకాలకు పుస్తకాలే తయారుచేసుకున్నాయి. చిహ్నాన్ని ఇంతకన్నా చిన్నగా అచ్చేయకూడదు, సాగదీయకూడదు, వంచకూడదు, వేరే రంగు పూయకూడదు. ఎరుపంటే ఏదో ఒక ఎరుపు కాదు, ఫలానా అంకె గల ఎరుపే. అక్షరాలు ఫలానా రకమే. అన్నిటికన్నా ముఖ్యం, చిహ్నం చుట్టూ ఇంత ఖాళీ వదలాలి, ఆ ఖాళీలోకి ఇంకే అక్షరమూ బొమ్మా రాకూడదు. ఇది చదివితే వాడలో పుట్టినోళ్లకు నవ్వు రావడం సహజం. తాకకుండా ఎంత దూరం నిలబడాలో కొలిచి చెప్పే శాస్త్రం మనకు తెలియంది కాదు గదా! ఆ మాటే ‘బ్రాండు’ కూడా ఇంగ్లీషులో కాల్చిన కర్ర నుంచి, కాల్చిన ఇనుము నుంచి పుట్టింది. పశువుకు వేసే వాత అది. అట్లాంటిక్ సముద్రం మీద అమ్ముడుపోయిన ఆఫ్రికా మనుషుల ఒంటి మీద వేసిన వాత కూడా అదే. మన దేశంలో ఇట్లాంటి పుస్తకం అచ్చయినా కాకపోయినా నియమం పనిచేస్తూనే ఉంటది. చిహ్నం చెదిరితే అధికారికి వెంటనే కనబడతది. హాస్టలు ఫోను నంబరు తప్పుంటే ఏండ్లకేండ్లు ఎవరికీ కనబడదు.

ఒకరూపం అక్కర్లేదని మేము అనడం లేదు. దొంగ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ ప్రతి ఏడూ ప్రకటించాల్సి వస్తున్న దేశంలో, అడ్మిషన్ల పేరు మీద డబ్బులు గుంజే దొంగ పేజీలు పుట్టుకొస్తున్న కాలంలో, ఏది అసలు విశ్వవిద్యాలయమో పోల్చుకునే గుర్తు పేదోడికే ఎక్కువ అవసరం. మా పేచీ ప్రమాణాలు ఉన్నందుకు కాదు, అవి దేనికి ఉన్నాయి, దేనికి లేవు అన్నదాని మీద.

పేరు దగ్గర మొదలుపెడదాం. వెబ్ చిరునామా అంటే విశ్వవిద్యాలయం తనకు తాను పెట్టుకున్న పొట్టిపేరు. ఉస్మానియా చిరునామాలో ‘ఉస్మానియా’ అని పూర్తిగా ఉంటది. వరంగల్ విశ్వవిద్యాలయం చిరునామాలో ‘కాకతీయ’ అని పూర్తిగా ఉంటది. కరీంనగర్‌ది ‘శాతవాహన’, అదీ పూర్తిగానే. నిజాం రాజు పేరు, ఓరుగల్లు రాజుల పేరు, రెండు వేల ఏండ్ల కిందటి రాజవంశం పేరు ఒక్క అక్షరం తగ్గకుండా తెర మీదికి ఎక్కాయి. ఇక 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టి, బాబాసాహెబ్ శతజయంతి ఏడు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మారిన సంస్థ చిరునామా చూడండి. బి, ఆర్, ఏ, ఓ, యు. ఐదు పొడి అక్షరాలు. అంబేద్కర్ అన్న పేరు అందులో ‘ఏ’ అన్న ఒక్క అక్షరం అయిపోయింది. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో 2008లో పెట్టిన విశ్వవిద్యాలయం కూడా ఆయన పేరు మీదిదే. దాని చిరునామా బి, ఆర్, ఏ, యు. లక్నోది బి, బి, ఏ, యు. ఆగ్రాది డి, బి, ఆర్, ఏ, యు. ఔరంగాబాద్‌ది బి, ఏ, ఎం, యు.

పేరు పొడుగైంది కాబట్టి కురచ చేశారు, అందులో కులమేముంది అని అడిగేవాళ్లుంటారు. లెక్కబెట్టి చూద్దాం. ఇంగ్లీషులో ‘కాకతీయ’కు ఎనిమిది అక్షరాలు. ‘అంబేద్కర్’కూ ఎనిమిదే. ‘శాతవాహన’కు పది. కాబట్టి స్థలం చాలలేదన్న సాకు నిలవదు. నెహ్రూ పేరు మీది విశ్వవిద్యాలయాలను కూడా పొడి అక్షరాలే చేశారు గదా అంటారు. నిజమే. కానీ నెహ్రూ పేరు వీధి మూలన రాయకపోయినా ఆయనకు పోయేదేమీ లేదు. అంబేద్కర్ పేరు సంగతి అది కాదు. ఆ పేరు నోట పలకడానికి ఇష్టం లేనోళ్లకు పొడి అక్షరాలు మంచి సందు ఇస్తాయి. ‘ఓపెన్ యూనివర్సిటీ’ అంటారు, అదీ కాదంటే అక్షరాలు కలిపి ‘బ్రావు’ అంటారు. అంబేద్కర్ అనాల్సిన అవసరం రాకుండానే బీయే పాసై పోవచ్చు.

ఔరంగాబాద్ కథ తెలిసినోళ్లకు ఇది ఇంకా నొప్పి. యాలాల్, తాండూరు, ఔరంగాబాద్ 1956 దాకా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలోనివి. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి బాబాసాహెబ్ పేరు పెట్టాలని 1978 జులైలో మహారాష్ట్ర శాసనసభ తీర్మానం చేస్తే ఆ ప్రాంతమంతటా దళిత వాడల మీద పడ్డారు. ఇండ్లు కాల్చారు. మనుషుల్ని చంపారు. పదహారేండ్లు కొట్లాడితే 1994 జనవరి 14న పేరు మారింది. అది కూడా పాత పేరు తీసెయ్యకుండా, దానికి ముందు ఈ పేరు చేర్చి. ఒక పేరు కోసం ఇంత నెత్తురు పోసిన జాతి, ఆ పేరు తెర మీద నాలుగు పొడి అక్షరాలుగా కుదించుకుపోతే పట్టించుకోకుండా ఉండాల్నా? పేరు ఎవరు పెడతారు అన్నదే మన ఉద్యమాల మొదటి ప్రశ్న. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించిన పంచమ మహాజన సభ, ‘పంచమ’ అన్న పేరును తోసిపుచ్చి ‘ఆది ఆంధ్ర’ అని పెట్టుకున్నది ఇందుకే. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాష్ట్రంలో మనవాళ్లు ‘ఆది హిందువులు’గా రాయించుకున్నదీ ఇందుకే. అవి ఆనాటి మన బ్రాండింగ్ ప్రమాణాలు అనుకోండి. తేడా ఒక్కటే, వాటిని మనమే రాసుకున్నం.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. మంచిదే. ఇంత పొడుగు పేరును చిహ్నం పక్కన ఇరికించే రోజున మొదట రాలిపోయేది ‘చాకలి’ అన్న మాట కాకుండా చూసుకోవాల్సిన పని బహుజన విద్యార్థులది.

చిహ్నాల గురించి పొట్టిగా చెప్పి ముందుకు పోదాం. ఉస్మానియా పాత చిహ్నంలో వెలుగును కీర్తించే అరబ్బీ వాక్యం ఉండేది. ఇప్పటి చిహ్నంలో తెలుగూ సంస్కృతమూ వచ్చి చేరాయి. నడుమ ‘అయిన్’ అన్న ఉర్దూ అక్షరం మిగిలింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం నినాదం సంస్కృతం. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం నినాదం సంస్కృతం. తిరుపతిదీ సంస్కృతమే. పాత పాలకుల మతభాష మీద సంస్కృతాన్ని తెచ్చి పెట్టడాన్ని మనకు జాతీయతగా చెప్పారు. మేమడిగేది చిన్న ప్రశ్న. ఏ భాషలో వేదం చెవిన పడితే శూద్రుని చెవిలో సీసం పోయాలని ధర్మసూత్రాలు రాసుకున్నాయో, ఆ భాషే తప్ప ఇంకో భాషలో విద్య గురించి మంచి మాట దొరకలేదా? ఫూలేలో దొరకలేదా, వేమనలో దొరకలేదా, మన కులాల సామెతల్లో దొరకలేదా? చిహ్నం పవిత్రమైందనీ మార్చరాదనీ అంటారు. 2016 మార్చిలో హార్వర్డ్ న్యాయ కళాశాల తన ముద్రను తీసేసింది. అది ఐజాక్ రాయల్ అనే బానిసల యజమాని కుటుంబపు ముద్ర. నల్లజాతి విద్యార్థులూ వాళ్లతో నిలబడ్డోళ్లూ నెలల తరబడి కొట్లాడితే పోయింది. 2021లో కొత్తది పెట్టుకున్నారు. కళాశాల కూలిపోలేదు.

అదే 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయాడు. అంతకుముందు అతన్నీ మరి నలుగురు దళిత పరిశోధకులనూ హాస్టలు నుంచి వెళ్లగొట్టారు. చలిలో గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. ఏడు నెలల ఫెలోషిప్ తనకు రావాల్సి ఉందని చివరి ఉత్తరంలో రాసిపోయాడు. ఆ విశ్వవిద్యాలయం నినాదం అర్థం ఏందో తెలుసా? విముక్తి ఇచ్చేదే విద్య అని. 2019లో ఆ సంస్థకు ‘ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్’ అనే హోదా వచ్చింది. బ్రాండు పరిభాషలో రెండూ గొప్ప ఆస్తులు. ‘వెలివాడ’ అన్న పేరు మాత్రం ఏ ప్రమాణాల పుస్తకంలోకీ ఎక్కదు. ఈ ఇరవై ఏండ్లలో ఒక భారతీయ విశ్వవిద్యాలయం ఆవరణలో పుట్టి లోకమంతటికీ తెలిసిన పేరు ఏదన్నా ఉందంటే అది వెలివాడే అని మా లెక్క.

ఇప్పుడు పేజీ మధ్యలోకి వద్దాం. మన విశ్వవిద్యాలయాల మొదటి పేజీల మీద సాధారణంగా ఏముంటది? గొప్ప కట్టడం బొమ్మ. ఉస్మానియా అంటే 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ ఫొటోనే. ఆ తర్వాత వైస్ ఛాన్సలర్ ఫొటో, మంత్రుల ఫొటోలు, స్నాతకోత్సవం, ఒప్పందాల మీద సంతకాలు, న్యాక్ గ్రేడు, ర్యాంకు. చదువుకునే మనిషి కనబడితే నవ్వుతూ, పుస్తకం పట్టుకుని, చెట్టు కింద. మెస్సు బిల్లు కట్టలేక క్యూలో నిలబడ్డ మనిషి కనబడడు. ఆ ఆర్ట్స్ కాలేజీ రాయి ఎవరు కొట్టారో, ఎవరు మోశారో అన్న ముచ్చట ఏ ‘మా చరిత్ర’ పేజీలోనూ ఉండదు. తాండూరు నాపరాయి గనుల్లో పనిచేసే ఇండ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఆ ప్రశ్న తట్టకుండా ఉండదు.

ఈ అలంకారం వెనక ఒక లెక్క కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ ర్యాంకుల చట్రం, ఎన్‌ఐఆర్‌ఎఫ్, 2015లో మొదలైంది. ఇటీవలి ఏండ్ల చట్రంలో ‘పర్సెప్షన్’కు, అంటే తోటి విద్యావేత్తలూ కంపెనీలవాళ్లూ ఈ సంస్థ గురించి ఏమనుకుంటున్నారన్న దానికి, నూటికి పది వంతులు. అందరినీ కలుపుకుపోవడం అన్న భాగానికి ఇంకో పది. ఆ పదిలో ఆర్థికంగా, సామాజికంగా వెనక్కి నెట్టబడ్డ విద్యార్థులకు ఐదో వంతు. అంటే మొత్తం మీద రెండు. మంచి పేరుకు పది, మనకు రెండు. పైవాళ్లు ఏమనుకుంటారో అన్నదానికి ఐదు రెట్లు ఎక్కువ మార్కులుంటే పేజీ ఎవరి కోసం ముస్తాబవుతది? వెబ్‌సైటు చేసే కుర్రవాణ్ని తిట్టి లాభం లేదు. వాడికి పని చెప్పినోని చేతిలో ఈ లెక్కల కాగితం ఉంది.

చట్టం అడిగేది వేరు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను, అడగకుండానే వివరాలు బయటపెట్టమంటది. ఆ సెక్షనే స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోమని కూడా అంటది. యూజీసీ 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలి. వివక్షను అడ్డుకునే అధికారి ఉండాలి. ఫిర్యాదు వస్తే అరవై రోజుల్లో తేల్చాలి. తీసుకున్న చర్యల వివరాలు వెబ్‌సైటులో పెట్టాలి. కులవివక్ష ఫిర్యాదుల కోసం విడిగా ఒక పేజీ పెట్టమని యూజీసీ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. రోహిత్ తల్లి రాధిక వేముల, పాయల్ తడ్వీ తల్లి అబేదా తడ్వీ 2019లో సుప్రీంకోర్టుకు పోయింది ఈ నిబంధనలు కాగితం మీదే ఉండిపోయాయనే. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెస్తే అగ్రవర్ణ విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ నెలలోనే సుప్రీంకోర్టు వాటిని నిలిపేసింది.

మేము అడిగేది ఇది. చిహ్నం ఏ మూలన ఉండాలో, ఎన్ని చుక్కల వెడల్పు ఉండాలో చెప్పగలిగిన ప్రమాణం, ఫిర్యాదు పేజీ ఎక్కడుండాలో ఎందుకు చెప్పలేదు? మొదటి పేజీ నుంచి ఎన్ని నొక్కుల్లో అక్కడికి చేరాలో ఎందుకు చెప్పలేదు? సాధారణంగా ఆ పేజీ ‘ఇతర విభాగాలు’ అన్న పట్టీ కింద, దాని కింద ఇంకో పట్టీలో, ఎప్పుడో బదిలీ అయిన అధికారి పేరుతో పడి ఉంటది. ర్యాగింగు నిషేధం, మహిళల ఫిర్యాదులు, ఎస్సీ ఎస్టీ సెల్ అన్నీ ఒకే బుట్టలో. చట్టం అడిగింది కాబట్టి పెట్టారు, ఎవరూ చూడకూడదు కాబట్టి అక్కడ పెట్టారు. ఊరి మ్యాపులో వాడ ఉండదా? ఉంటది. ఎక్కడుంటదో మనకు తెలుసు.

యాలాల్ నుంచి చూస్తే ఇది ఇంకా తేటగా కనబడతది. ఇంటరు పాసైన ఆడపిల్ల ఒకతె ఉందనుకుందాం. తల్లి కూలికి పోతది. డిగ్రీలో చేరాలంటే 2016 నుంచి ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ దారే. ఆధారుకు ఫోను నంబరు కలిసి ఉండాలి. రిజిస్ట్రేషనుకు రెండు వందలు కట్టాలి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం మీసేవ నుంచి రావాలి. స్కాలర్‌షిప్‌కు ఈపాస్‌లో మళ్లా అన్నీ ఎక్కించాలి. దరఖాస్తులు ఎట్లనో ఒకట్ల నింపినా, ఆ తర్వాత పరీక్ష ఫీజు ఆఖరి తేదీ, రీవాల్యుయేషను, హాస్టలు నోటీసు అన్నీ విశ్వవిద్యాలయం పేజీ మీదే రావాలి. ఆ పేజీ ఇంగ్లీషు. నోటీసు తెరిస్తే అది కాగితం మీద సంతకం పెట్టి, ముద్ర గుద్ది, స్కాను చేసిన బొమ్మ. బొమ్మ కాబట్టి అందులో మాట వెతకలేము. తెలుగులోకి మార్చి చదివే యంత్రానికి పట్టుబడదు. చూపు లేని విద్యార్థికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు అది ఉత్త ఖాళీ. పైన ‘కొత్తది’ అంటూ మిణుకుమిణుకుమనే అక్షరాలు పరుగెత్తుతుంటే చిన్న ఫోను మీద వేలితో పట్టుకోవడం కోడిపిల్లను పట్టుకున్నట్టే. చివరికి ఆ పిల్ల తాండూరులో నెట్ సెంటరుకు పోతది. అక్కడి మనిషి చదివి చెప్పిందే విశ్వవిద్యాలయం మాట. రానూపోనూ బస్సు కిరాయి, సెంటరు వాని రుసుము, తల్లిది ఒక రోజు కూలి. చదువులో కనబడని ఫీజు ఇది. ఏ రీయింబర్స్‌మెంటులోనూ రాదు.

ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు తెచ్చింది. 2018లో, 2023లో సవరించింది. చూపు లేని వాళ్లకూ చెయ్యి ఆడని వాళ్లకూ పేజీ అందాలని, ఎవరి బాధ్యతో పేరు రాయాలని, ఎప్పుడు మార్చారో తేదీ వేయాలని అందులో ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ఉండనే ఉంది. అంటే ప్రమాణాలు లేవని కాదు. రంగుల ప్రమాణం నడుస్తది, మనిషి ప్రమాణం నడవదు.

తెలుగులో పెట్టడం కష్టం అన్న మాట ఒకప్పుడు చెల్లింది. చిన్న పత్రికలు నడిపినోళ్లకు తెలుసు, తొంభైల్లో తెలుగు డీటీపీ అంటే ఒక కంపెనీ అక్షరాలు ఇంకో కంప్యూటరులో పిచ్చిగీతలు. కానీ యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే వచ్చింది. ఇయ్యాల నాలుగు వేల రూపాయల ఫోను కూడా తెలుగు చూపిస్తది. సినిమా టికెట్టు తెలుగులో అమ్ముతున్నారు, అప్పు తెలుగులో ఇస్తున్నారు. విశ్వవిద్యాలయం ఒక్కదానికే తెలుగు రాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో రాజభాష నియమాల పుణ్యాన ఇంగ్లీషు పక్కన హిందీ వస్తది. యాలాల్ పిల్లకు ఇంగ్లీషు ఎంత దూరమో ఆ హిందీ అంతే దూరం.

ఉస్మానియా చరిత్ర తెలిసినోళ్లకు ఇందులో పెద్ద వింత ఉంది. 1917 ఏప్రిల్ ఫర్మానాతో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం గొప్పతనమే భాష. ఇంగ్లీషులో కాదు, దేశభాషలో పై చదువు చెప్తామని ఉర్దూ మాధ్యమంలో మొదలుపెట్టారు. అందుకోసం అనువాద శాఖ పెట్టి వైద్యం, న్యాయం, ఇంజనీరింగు పుస్తకాలు ఉర్దూలోకి దించారు. ఆ ఉర్దూ కూడా తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ఎక్కువమంది జనానికి పాలకుల భాషే, కాదనం. అయినా పరాయి భాష లేకుండా విద్య సాధ్యమని నిరూపించడానికి డబ్బు పెట్టిన సంస్థ అది. 1948 తర్వాత ఇంగ్లీషుకు మళ్లింది. ఇప్పుడు శతాబ్ది దాటిన ఆ పేరును బ్రాండుగా వాడుకుంటూ, ఆ పేరుకు కారణమైన పనిని మాత్రం పక్కన పెట్టింది. నూరేండ్ల కింద వైద్యశాస్త్రాన్నే అనువదించగలిగిన విశ్వవిద్యాలయానికి ఇయ్యాల పరీక్ష ఫీజు నోటీసు అనువదించడం చేతకాదంటే మేము నమ్మం. 1953 జనవరి 12న బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చిన సంస్థ అది. ఆ ఫొటోను జయంతి రోజున వాడుకునే హక్కు దానికి ఉంది. అయితే ఆ ఫొటో పక్కనే ఫిర్యాదు పేజీ కూడా ఉండాలె.

మన కార్యకర్తలతో ఒక మాట. ఉద్యమం అంటే ధర్నా చౌక్ ఒక్కటే కాదు. విద్యార్థి సంఘాలు వైస్ ఛాన్సలర్‌కు ఇచ్చే డిమాండ్ల పత్రంలో మెస్సు ఛార్జీల పక్కన వెబ్‌సైటు కూడా ఉండాలి. చిరునామాలో అంబేద్కర్ పేరు పూర్తిగా రాయాలి. పాత పొట్టి చిరునామాను కొత్తదానికి మళ్లించే పని ఏమంత పెద్దది కాదు, ఒక పూట పని. విద్యార్థికి సంబంధించిన ప్రతి నోటీసూ తెలుగులో, స్కాను బొమ్మగా కాక అక్షరాలుగా రావాలి. ఉర్దూ చదువుకున్నోళ్లకు ఉర్దూలో రావాలి. సమాన అవకాశాల విభాగం, దాని అధికారి పేరు, ఫోను నంబరు చిహ్నానికి ఎదురుగా పైన కుడి మూలన ఉండాలి. దాని చుట్టూ కూడా అంత ఖాళీ వదలమనండి. ప్రమాణాలు రాసే కమిటీలో ఫైన్ ఆర్ట్స్ ప్రొఫెసరూ కంప్యూటరు సెంటరు డైరెక్టరూ ఉంటే చాలదు, హాస్టలు విద్యార్థులు కూర్చోవాలి. మొదటి తరం చదువుకునే ఆడపిల్లలు కూర్చోవాలి.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, తెల్ల రేషను కార్డు ఉన్నోళ్లకు అది కూడా లేదు. ఏ ఊరి నుంచైనా, యాలాల్ నుంచైనా, తెలుగులోనే రాయొచ్చు. మీ విశ్వవిద్యాలయం పౌర సమాచార అధికారిని మూడు సంగతులు అడగండి. గత మూడేండ్లలో వెబ్‌సైటు రూపకల్పనకూ ప్రచారానికీ పెట్టిన ఖర్చు ఎంత? అదే మూడేండ్లలో తెలుగు అనువాదానికి పెట్టిన ఖర్చు ఎంత? 2012 నిబంధనల కింద వచ్చిన కులవివక్ష ఫిర్యాదులు ఎన్ని, అరవై రోజుల్లో తేల్చినవి ఎన్ని, ఆ వివరాలు వెబ్‌సైటులో ఏ పేజీలో ఉన్నాయి? జవాబుకు ముప్పై రోజుల గడువు. ఇంగ్లీషులో జవాబు వస్తే తెలుగులో ఇవ్వమని మొదటి అప్పీలు వేయండి.